షుగరున్న ఇంట్లో పొద్దుటి టిఫిను

ఇంట్లో ఒకరికి షుగరని తేలిందంటే మర్నాడు పొద్దున్నే వంటింట్లో గొడవ మొదలవుతుంది. "ఇడ్లీ తినొచ్చా? ఉప్మా పరవాలేదా? ఇక నాకు రాగిజావే గతా?" అని ఆయన మొహం వేలాడేసుకుంటే, ఏం పెట్టాలో ఇల్లాలికి పాలుపోదు. ఆయనకో వంట, పిల్లలకో వంట అంటూ హైరానా పడేవాళ్ళూ ఉన్నారు. అంత అక్కర్లేదు. ఇంటిల్లిపాదికీ చేసే టిఫిన్లోనే కాస్త మార్పులు చేస్తే చాలు.

మన టిఫిన్లతో వచ్చిన చిక్కల్లా అవి చాలావరకు బియ్యం, బొంబాయి రవ్వ, మైదాలతో చేసినవి కావడమే. ఇవి తొందరగా అరిగి రక్తంలో చక్కెరను గబుక్కున పెంచుతాయి. పప్పు, పీచు కలిస్తే ఆ వేగం తగ్గుతుంది. ఆ లెక్కన మనవాళ్ళు ఏనాడో కనిపెట్టిన పెసరట్టును మించింది లేదు. 100 గ్రాముల పెసల్లో మాంసకృత్తులు సుమారు 23 గ్రాములుంటాయి. బియ్యంలో ఏడెనిమిది గ్రాములే. పెసలను పొట్టుతో రుబ్బుతాం కాబట్టి పీచూ దక్కుతుంది. కరకరలాడాలని గుప్పెడు బియ్యం వేస్తాం చూడండీ, అది మానెయ్యండి. పెనం బాగా కాలనిచ్చి, పల్చగా తిప్పి, సన్నసెగ మీద కాస్త ఓపిగ్గా ఉంచితే బియ్యం లేకుండానే అంచులు లేస్తాయి. ఉల్లిముక్కలు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర మీ ఇష్టం. మధ్యలో ఉప్మా పెట్టి మడిచారో, చేసిన మేలంతా పోయినట్టే! అల్లప్పచ్చడిలో బెల్లం దండిగా పడుతుంది కాబట్టి దాని బదులు బీరపొట్టు పచ్చడో, దోసకాయ పచ్చడో నంచుకోండి. కిడ్నీ జబ్బు కూడా ఉంటే మాత్రం పప్పులెంత తినాలో డాక్టర్నడగాలి.

ఇడ్లీ మానక్కర్లేదు. నాలుగు ఇడ్లీలు, నెయ్యి, కారప్పొడి బదులు రెండు ఇడ్లీలు, ఓ గిన్నెడు ముక్కల సాంబారు పెట్టండి. ఇడ్లీ రవ్వలో సగం తీసేసి జొన్న రవ్వ కలిపితే పిల్లలు కూడా పెద్దగా పేచీ పెట్టరు. ఉప్మాకైతే గోధుమ రవ్వ తీసుకుని, రవ్వ ఎంతో కూరముక్కలూ అంత వెయ్యండి. క్యారెట్, బీన్స్, క్యాబేజీ ఏదైనా సరే. పూరీ, మైసూరు బోండా పండగలకి ఉంచుకుందాం.

రాగిజావ సంగతి చెప్పాలి. రాగులు మంచివే, కాదనను. కానీ మెత్తగా పట్టించిన పిండిని పల్చగా కాచి గ్లాసుడు గటగటా తాగితే చక్కెర తొందరగానే పెరుగుతుంది. అదే పిండితో ఉల్లిపాయలు, మునగాకు వేసి రొట్టె కాల్చుకుంటే నయం. "పంచదార వెయ్యలేదు, బెల్లమేగా", "తేనేగా" అనేవాళ్ళకి ఒకటే మాట: షుగరు విషయంలో అవన్నీ అక్కచెల్లెళ్ళే. పళ్ళరసమూ అంతే, జామకాయ కొరికి తినడం వేరు.

ఇక అసలు సంగతి. ఈ ఇంట్లో షుగరు ఆయనకి కాదు, మీకే అనుకోండి. ఏడింటికి మాత్ర వేసుకుంటారు. పిల్లల బాక్సులు, ఆయన టిఫిను, అత్తగారి కాఫీ అయ్యేసరికి పది. ఆపైన చల్లారిన అట్టుముక్కో, పిల్లలు వదిలేసిన ఉప్మానో నిలబడే తినేస్తారు. శనివారమైతే అదీ లేదు, ఒంటిపూట! గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకున్నా, ఇన్సులిన్ తీసుకున్నా, తిండి ఆలస్యమైతే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, కళ్ళు మసకలు దాని గుర్తులు. "నీరసంలే" అని పొయ్యి దగ్గరే నిలబడకండి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని వెంటనే తాగండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ తాగాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమని ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. ఉపవాసాలుండే అలవాటుంటే మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడాకే ఉండండి.

కాబట్టి పొద్దుట వేసే మొదటి అట్టు మీదే. కూర్చుని తినండి. పిల్లల బాక్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు.

ఒకే టిఫిను అందరికీ ఒకేలా పడదు. ఇంట్లో మీటరుంటే తినడం మొదలుపెట్టిన రెండు గంటలకి చూసుకోండి. చాలామందికి 180 లోపు ఉండాలంటారు. మీకెంత అన్నది మీ డాక్టరు చెబుతారు. ఇడ్లీ తిన్ననాడు ఎంత, పెసరట్టు తిన్ననాడు ఎంత అని పాల లెక్క రాసే క్యాలెండరు మీదే రాసిపెట్టండి. డాక్టరు దగ్గరికెళ్ళేటప్పుడు ఆ కాగితం చింపి పట్టుకెళ్ళండి.