గోడ లేవకమునుపే పనిని నడిపి చూచుట



ఇల్లు కట్టించిన పెద్దలకు తెలియని సంగతి కాదు. ఇటుకల లెక్కయు సిమెంటు లెక్కయు కాగితముపై వ్రాసినట్లే ఇంచుమించు కుదురును. దినముల లెక్క మాత్రము కుదురదు. పదిదినముల పని పదునైదు దినములకు పోవును. యజమాని మేస్త్రిని, మేస్త్రి కూలివారిని నిందింతురు. ఈ నింద ఎంతవరకు న్యాయమో తేల్చుకొనుటకు ఇంజనీరులకు ఒక యుపాయము గలదు. దానిని వారు సిమ్యులేషన్ అందురు. అసలు పని ఆరంభింపకమునుపే దాని నమూనాను నడిపి చూచుట యని దాని భావము.

పని వేగమును శాస్త్రీయముగా పరిశీలించినవారిలో ఫ్రాంక్ గిల్బ్రెత్ ముఖ్యుడు. ఈయన అమెరికాలో 1885లో తాపీపని నేర్వ మొదలిడెను. ఒక్కొక్క ఇటుక పేర్చుటకు 18 కదలికలు అవసరమగుచుండగా వానిని ఐదింటికి తగ్గించెననియు, గంటకు 120 ఇటుకలు పేర్చుచోట 350 పేర్పించెననియు టేలరు 1911లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. ఇటుకలను నేలపై గాక మేస్త్రి వంగనక్కరలేని యెత్తున నుంచుట అందలి ముఖ్యమైన మార్పు. కాని యిది ఒక్కని పనికి సంబంధించిన విచారణ. కట్టడము పలువురి చేతులమీదుగా నడచును. ఒకరి ఆలస్యము మరియొకరికి తగులును.

దీనిని మీరు ఆరుముఖముల పాచికతో పరీక్షింపవచ్చును. కూలివాడు ఇటుకలు మోయును, మేస్త్రి పేర్చును. ఒక్కొక్క గడియకు ఇద్దరికిని ఒక్కొక్క పందెము వేయుడు. పాచికపై ఒక చుక్కకు పది ఇటుకలు. కూలివానికి వరుసగా 2, 5, 1, 6, 3, 4 పడినవనియు, మేస్త్రికి 5, 3, 4, 2, 6, 1 పడినవనియు అనుకొందము. ఇరువురి శక్తియు సమానమే, 210 ఇటుకలు. అయినను గోడలోనికి చేరునవి 170 మాత్రమే! మొదటి గడియలో 50 పేర్పగల మేస్త్రికి 20 మాత్రమే అందినవి. మూడవ గడియలో 40 పేర్పగలవానికి మిగులుతో గూడ 30 మాత్రమే అందినవి. అట్లు పోయిన 40 ఇటుకల కాలము మరల రాదు. ఇందు సోమరి యెవ్వడు? ఒక్కడును లేడు.

ఇప్పుడు ఉదయముననే మేస్త్రి ప్రక్క 40 ఇటుకలు పేర్చియుంచి, ఆ పందెములనే మరల లెక్కింపుడు. 210 ఇటుకలును గోడ చేరును. అదనపు కూలి లేదు, ఎవరిని తొందరపెట్టుటయు లేదు.

అయితే ఒక్క యాటను బట్టి నిర్ణయము చేయరాదు. పందెములు మారిన ఫలితమును మారును. కనుక వేలకొలది సారులు ఆడవలయును. 1946లో స్టానిస్లా ఉలాం అను గణితవేత్తకు ఒంటరిగా పేకాడుచుండగా ఇట్టి యాలోచనయే తోచెను. ఆ యాటలు మనకై కంప్యూటరు ఆడిపెట్టును. డేనియల్ హాల్పిన్ 1977లో ప్రకటించిన సైక్లోన్ అను పద్ధతి కట్టడపు పనులలో ఎవరు ఎవరికై వేచియుందురో పటముగా గీచి లెక్కించుటకు ఏర్పడినది.

ఒక హెచ్చరిక. నమూనాకు మనమిచ్చు కాలములు నిజమైనవి కావలయును. అందుచే ముందుగా గడియారము చేతబట్టి పనిని చూడవలయును. ఎండవేళ వేగము తగ్గుటను గూడ గుర్తింపవలయును. నిలువయుంచుట అన్నింటికి మందు గాదు. ఇటుక నిలుచును గాని, కలిపిన సిమెంటు మాలు గట్టిపడి పాడగును.

మీ గ్రామమున బడియో ఇల్లో కట్టునపుడు మేస్త్రి చేతులు ముడుచుకొని కూర్చుండుట గాంచినచో, వానిని గద్దించుటకు ముందు వానికి ఏది అందలేదో అడుగుడు. కూలిడబ్బును, కూలివాని మర్యాదయు రెండును నిలుచును.