కాగజ్‌నగర్: వందేళ్లు నిండని ఊళ్లో పాత పోస్టాఫీసు.. దానికి ‘వారసత్వం’ విలువ ఉంటుందా?

కాగితం పేరుతోనే ఎదిగిన ఊరు కాగజ్‌నగర్. ఒకప్పటి కొత్తపేట ఇది. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు స్థాపన జరిగింది. 1942లో కాగితం తయారీ మొదలైంది. మిల్లుతో పాటు కార్మికులొచ్చారు. వాళ్ల వెంట ఉత్తరాలు, మనీఆర్డర్లు వచ్చాయి. ఇలాంటి ఊళ్లలో మిల్లు, రైల్వే స్టేషన్ తర్వాత అందరికీ తెలిసిన చోటు పోస్టాఫీసే. మరి ఆఫీసు వేరే చోటికి మారితే పాత భవనం సంగతేంటి? దాన్ని కాపాడే చట్టం ఉందా?

రెండు తపాలాల కాలం

నిజాం రాజ్యానికి సొంత తపాలా శాఖ ఉండేది. 1869లోనే తొలి స్టాంపు విడుదలైంది. 1871 నాటి స్టాంపులపై ఇంగ్లిష్, ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ అక్షరాలు కూడా కనిపిస్తాయి. రాజ్యం లోపల తిరిగే ఉత్తరాలకు నిజాం స్టాంపు.. బయటికి వెళ్లేవాటికి బ్రిటిష్ ఇండియా తపాలా. 1950 ఏప్రిల్ 1న నిజాం తపాలా భారత తపాలా శాఖలో కలిసిపోయింది. అంటే మిల్లు నడిచిన తొలి ఎనిమిదేళ్లు ఈ రెండు తపాలాల కాలమే.

ఇక్కడో ఆసక్తికర విషయం ఉంది. 1931లో నిజాం తపాలా చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్ సాగర్, అజంతా గుహల బొమ్మలతో స్టాంపులు వేసింది. కట్టడాల గొప్పతనాన్ని ఇంటింటికీ చేర్చిన శాఖ అది. కానీ ఆ స్టాంపులు అమ్మిన చిన్న ఊళ్ల పోస్టాఫీసుల గురించి పట్టించుకున్నవాళ్లు తక్కువ.

చట్టం ఏం చెబుతోంది?

1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం పురాతన కట్టడం అనాలంటే కనీసం వందేళ్లు నిండాలి. మిల్లుతో ఎదిగిన కాగజ్‌నగర్‌లో ఆ కాలపు కట్టడాలకు ఇంకా వందేళ్లు రాలేదు. 1868 నాటి కోల్‌కతా జీపీఓ, 1913లో పూర్తయిన ముంబై జీపీఓ లాంటివాటికి వయసూ ఉంది, పేరూ ఉంది. చిన్న పట్టణాల తపాలా భవనాలకు రెండూ లేవు.

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. వారసత్వ కట్టడాల రక్షణకు తెలంగాణ 2017లో సొంత చట్టం తెచ్చుకుంది. 1984లో ఏర్పాటైన ఇంటాక్ సంస్థ కూడా వారసత్వ భవనాల జాబితాలు తయారు చేస్తుంది. వయసుతో పాటు ఊరి జీవితంలో ఆ భవనం పాత్ర ఏంటన్నదీ అందులో లెక్కలోకి వస్తుంది. కాకపోతే ఆ పాత్రకు ఆధారాలు చూపించాలి. అసలు చిక్కు అక్కడే.

భవనం ఎవరిది?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. సొంత భవనమైతే అది కేంద్ర తపాలా శాఖ ఆస్తి. చాలా చిన్న పట్టణాల్లో పోస్టాఫీసులు అద్దె ఇళ్లలోనే నడిచాయి. అలాంటప్పుడు ఉంచాలా, కూల్చాలా అన్నది ముందుగా యజమాని చేతిలో ఉంటుంది. ఆఫీసు ఖాళీ అయ్యాక బోర్డు తీసేస్తే.. అక్కడ పోస్టాఫీసు ఉండేదన్న సంగతి ఒక తరం తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఊరివాళ్లు ఏం చేయొచ్చు?

ఇంట్లో పాత ఉత్తరాలుంటే పారేయకండి. కవరు మీద పడిన ముద్రలో ఆఫీసు పేరు, తేదీ ఉంటాయి. ఆ ఊళ్లో ఆ తేదీ నాటికే పోస్టాఫీసు ఉందనడానికి అంతకు మించిన సాక్ష్యం దొరకదు. పాత భవనం వరండా, కౌంటర్ కిటికీ, తపాలా పెట్టె ఉన్న చోటు ఫొటోలు తీసి పెట్టుకోవాలి. అక్కడ పనిచేసిన పోస్ట్‌మ్యాన్ల జ్ఞాపకాలు రికార్డు చేయాలి. భవనం ఎప్పుడు కట్టారో, ఎవరి పేరున ఉందో తెలుసుకోవాలంటే రూ.10 ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు.

ఇప్పుడే ఎందుకంటే..

2013 జులైలో టెలిగ్రామ్ ఆగిపోయింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు.. స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఒక్కో సేవా పోతుంటే వాటికి గుర్తుగా మిగిలేది ఆ గోడలే. 2016లో కాగజ్‌నగర్ కొత్త జిల్లాలోకి మారినా, 504296 అనే పిన్‌కోడ్‌లోని మొదటి మూడంకెలు ఇప్పటికీ ఉమ్మడి ఆదిలాబాద్‌నే గుర్తు చేస్తాయి. అంకెలను తపాలా శాఖ దాచిపెట్టింది. భవనాల సంగతి మాత్రం ఊరివాళ్లే చూసుకోవాలి. వందేళ్లు నిండేదాకా ఆగితే.. అప్పటికి చూపించడానికి ఏమీ మిగలకపోవచ్చు.