కడలి దాటిన ఉదజని

నీటియందుండు రెండు మూలకములలో ఉదజని యొకటి. దీనినే హైడ్రోజన్ అందురు. వాయువులన్నింటిలో ఇది మిక్కిలి తేలికయైనది. 1766లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు హెన్రీ కావెండిష్ దీనిని ప్రత్యేక వాయువుగా గుర్తించెను. ఇది మండినపుడు నీరు పుట్టుచున్నందున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోషియే ‘నీటిని పుట్టించునది’ అను అర్థముగల గ్రీకు పదములతో దీనికి పేరిడెను. జపానువారు దీనిని ‘సుయిసో’ అందురు. ఆ మాటయందును, మన ఉదజని యందును నీటి పేరే కలదు.

బొగ్గు, పెట్రోలు మండినపుడు బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, వెలువడి భూతాపమును పెంచుచున్నది. ఉదజని మండినపుడు ఆ వాయువు పుట్టదు. ఒక కిలోగ్రాము ఉదజనిలో, అంతే బరువుగల పెట్రోలునందు కంటె రెండున్నర రెట్లకు మించిన శక్తి యున్నది. ఉక్కు తయారీ, దూరప్రయాణము చేయు ఓడలు మున్నగు, విద్యుత్తుతో నేరుగా నడుపుట కష్టమైన పనులకు ఇది ఉపకరింపగలదని శాస్త్రజ్ఞుల ఆశ.

ఐనను ఇందొక చిక్కు కలదు. ఉదజని భూమిపై విడిగా విరివిగా లభింపదు; ఇతర పదార్థములనుండి వేరుచేయవలెను. సహజవాయువునుండి ఒక టన్ను ఉదజనిని తీసినచో సుమారు పది టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడును. బొగ్గునుండి తీసినచో అది దాదాపు రెట్టింపగును. నేడు ప్రపంచమున తయారగు ఉదజనిలో అత్యధిక భాగము ఇట్టిదే. నీటిలో విద్యుత్తును ప్రవహింపజేసి ఉదజనిని వేరుచేయు మార్గమును 1800లోనే నికల్సన్, కార్లైల్ అనువారు లండనులో చూపిరి. ఆ విద్యుత్తు సూర్యరశ్మినుండియో గాలినుండియో లభించినచో ఉదజని నిర్మలమగును. దానినే హరిత ఉదజని అందురు.

ఎండ, గాలి, విశాలమైన భూములు గల దేశములు కొన్ని. ఇంధనమును పరదేశములనుండి తెచ్చుకొనవలసిన దేశములు మరికొన్ని. జపాను రెండవ కోవకు చెందినది. అందుచే ఉదజనిని ఓడపై తెచ్చుకొనుటకు ఆస్ట్రేలియాతో కలిసి ఒక ప్రయోగమునకు పూనుకొనెను. ఉదజనిని సున్నకు దిగువ 253 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చల్లబరచినచో అది ద్రవమై, దాని పరిమాణము ఎనిమిది వందల వంతునకు తగ్గును. అంతటి చల్లని ద్రవమును ఓడలో నింపి తెచ్చుటకు ప్రత్యేక నియమములు అంతకుముందు లేవు. 2016లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ అట్టి నియమములను తాత్కాలికముగా ఆమోదించెను. 2019లో జపానునందలి కోబే నగరమున ‘సుయిసో ఫ్రాంటియర్’ అను ఓడ జలప్రవేశము చేసెను. దాని పొడవు 116 మీటర్లు. దానిలోని తొట్టి 1250 ఘనపు మీటర్ల ద్రవమును పట్టును. ఫ్లాస్కువలె ఆ తొట్టికిని రెండు గోడలు, వాటి నడుమ శూన్యము కలవు.

2021 డిసెంబరులో కోబేను విడిచిన ఆ ఓడ సుమారు 9000 కిలోమీటర్లు పయనించి, 2022 జనవరిలో ఆస్ట్రేలియానందలి హేస్టింగ్స్ రేవును చేరెను. సరుకు నింపుకొని ఫిబ్రవరిలో తిరిగివచ్చెను. రేవులో ఉన్నపుడు ఒక రాత్రి ఓడపైనుండి కొద్దిసేపు మంట ఎగసెను. ఎవరికిని గాయము కాలేదు. అచటి విద్యుత్తునకు సరిపడని కవాటమును అమర్చుటచే అది చెడిపోయినదని విచారణలో తేలెను. చిన్న పొరపాటైనను ఈ పనిలో ఎంత జాగ్రత్త వలయునో దానివలన తెలిసినది.

అంతకంటె పెద్ద లోపము వేరొకటి కలదు. ఆ ఉదజనిని లాట్రోబ్ లోయలోని గోధుమరంగు బొగ్గునుండి తీసిరి. ఆ ప్రయోగదశలో వెలువడిన బొగ్గుపులుసు వాయువును భూగర్భమున నిల్వచేయలేదు. ఓడ నడచినదియు డీజిలుతోనే. ఓడ కడలిని దాటినది గాని, ఇంధనము ఇంకను నిర్మలము కాలేదు.

బొగ్గునుండి తీసినను, ఎండనుండి తీసినను శుద్ధమైన ఉదజని ఒక్కటే. దానికి రంగు లేదు, వాసన లేదు. దానిని చూచి పుట్టుక చెప్పుట ఎవరి తరమును కాదు. కావున కొను దేశము అమ్ము దేశపు లెక్కను నమ్మవలెను. ఆ లెక్క అందరికిని ఒక్కటిగా నుండవలెను. 2003లో వాషింగ్టనున ఉదజని విషయమై ఏర్పడిన అంతర్జాతీయ భాగస్వామ్య సంఘమున భారతదేశము తొలి సభ్యదేశములలో నొకటి. తయారీలో వెలువడు వాయువులను లెక్కగట్టు పద్ధతిని రూపొందించుటకు ఆ సంఘము కృషిచేసెను. 2023లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ అట్టి పద్ధతిని ప్రకటించెను. ఆ సంవత్సరమే దుబాయిలో ముప్పదికి పైగా దేశములు ఒండొరుల ధ్రువపత్రములను అంగీకరించు దిశగా పనిచేయుదుమని పలికినవి.

అదే సంవత్సరమున భారత ప్రభుత్వము ఒక హద్దు నిర్ణయించెను. ఒక కిలోగ్రాము ఉదజని తయారీలో వెలువడు బొగ్గుపులుసు వాయువు, తత్సమానమైన ఇతర వాయువులు కలిసి రెండు కిలోగ్రాములకు మించనపుడే అది హరిత ఉదజని యగును. విశాఖపట్టణమునకు చేరువనున్న పూడిమడకలో హరిత ఉదజని కేంద్రమునకు 2025లో శంకుస్థాపన జరిగినది. అచట తయారగు సరుకును ముఖ్యముగా విదేశములకు పంపవలెనని సంకల్పము. ఆ సరుకు ఏ రేవున దిగినను, దానితోపాటు మన మాటయు దిగును. ఆ మాట నిజమైనపుడే ఆ ఇంధనము నిర్మలమైనదని లోకము నమ్మును.