బండి మలుపులో ఊగుతోందా? ముందు టైర్లలో గాలి చూడండి

"అన్నా, బండి మలుపులో ఊగుతోంది, హ్యాండిల్ బరువుగా ఉంది, ఏం మార్చాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ఏదైనా మార్చే ముందు టైర్లలో గాలి చూడండి. చాలాసార్లు సమస్య అక్కడే దొరుకుతుంది.

ఎందుకంటే బైక్ టైరు రోడ్డుని తాకే చోటు దాదాపు మన అరచేయంత, అంతే. బ్రేక్ పడాలన్నా, బండి వాలాలన్నా ఆ కాస్త చోటే ఆధారం. అది ఎలా ఉండాలో లోపలున్న గాలే నిర్ణయిస్తుంది.

గాలి తగ్గితే ఏమవుతుంది? టైరు పక్కలు మెత్తబడిపోతాయి. ముందు టైర్లో తగ్గితే హ్యాండిల్ బరువెక్కి, బండి మీరు తిప్పినంత చురుగ్గా తిరగదు. వెనక టైర్లో తగ్గితే మలుపులో వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. టైరు వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. ట్యూబ్ టైరైతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. గాలి బాగా తగ్గినప్పుడు గట్టిగా బ్రేక్ కొడితే టైరు రిమ్ము మీద జారి, ట్యూబ్ వాల్వ్ దగ్గర చిరిగిపోవచ్చు.

అలాగని ఎక్కువ కొట్టించినా తప్పే. టైరు గట్టిపడి, రోడ్డుని తాకే చోటు తగ్గిపోతుంది. చిన్న గుంతకే బండి ఎగురుతుంది. ఎగిరిన ఆ క్షణం గ్రిప్ ఉండదు. వాన పడ్డ రోడ్డు మీద అయితే ఇంకా డేంజర్.

మరి ఎంత ఉండాలి? మీ బండి మాన్యువల్లో గానీ, చైన్ కవర్ దగ్గర స్టిక్కర్ మీద గానీ రాసి ఉంటుంది. ఉదాహరణకి చాలా 150 సీసీ బండ్లకి ముందు 25, వెనక 28 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకి 32 దాకా పెంచమంటారు. మీ బండికి వేరేగా ఉండొచ్చు, అందుకే స్టిక్కరే చూడండి. టైరు మీద 'మ్యాక్స్' అని కనపడే అంకె మాత్రం ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. అంత కొట్టించమని కాదు.

బంకులో "ఎంత అన్నా?" అని అడిగితే "నువ్వే చూసి కొట్టు" అనకండి. అంకె మీరే చెప్పండి. బండి నడిపాక టైరు వేడెక్కి రీడింగ్ పెరుగుతుంది, అది చూసి గాలి తీసేయొద్దు. చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే బయల్దేరేటప్పుడు చూడటం మంచిది. వారం పది రోజులకోసారి చాలు.

అమ్మనో, చెల్లినో, ఫ్రెండ్‌నో వెనక కూర్చోబెట్టుకుని అరకు ఘాట్‌కో, శ్రీశైలం ఘాట్‌కో వెళ్తున్నారా? బ్యాగులతో సహా ఆ బరువంతా ఎక్కువగా వెనక టైరు మీదే పడుతుంది. ఒంటరిగా తిరిగేటప్పటి గాలితో ఆ మలుపులు ఎక్కొద్దు. బంకులో పట్టేది రెండు నిమిషాలే. మీ వెనక కూర్చున్నవాళ్ల ప్రాణం కూడా ఆ రెండు నిమిషాల మీదే ఉంది.

మీ బండి స్టిక్కర్ మీద ఎంత రాసి ఉందో చూసి కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, జాగ్రత్తగా నడపండి!