ఫ్యాక్టరీ పొగకు అనుమతి పత్రం: మనం తెలుసుకోవలసిన విషయాలు

మన కుటుంబాలు స్థిరపడిన ఊళ్లలో చాలావాటికి దగ్గరలోనే ఏదో ఒక ఫ్యాక్టరీ ఉంటుంది. కొందరికి అదే జీవనాధారం. కొందరికి డాబా మీద ఆరేసిన బట్టలకు అంటే మసి. ఈ రెండు వర్గాలకూ సంబంధించిన ప్రభుత్వ పత్రం ఒకటుంది. దానిని కన్సెంట్ అంటారు. విద్యార్థులు, తల్లిదండ్రులు దీనిని గురించి కొంతైనా తెలుసుకోవాలనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

1981లో పార్లమెంటు వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం చేసింది. వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించిన చోట ముందుగా అనుమతి పొందకుండా ఎవరూ పరిశ్రమను నెలకొల్పరాదు, నడపరాదు అని ఆ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో ఆయా రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండలి ఈ అనుమతి ఇస్తుంది. యానాం వారికి మాత్రం పుదుచ్చేరి కాలుష్య నియంత్రణ కమిటీ ఇస్తుంది.

అనుమతి రెండు దశలలో వస్తుంది. కట్టడానికి ముందు కన్సెంట్ టు ఎస్టాబ్లిష్, ఉత్పత్తి మొదలుపెట్టే ముందు కన్సెంట్ టు ఆపరేట్. నేను పనిచేసిన బ్యాంకు భాషలో చెప్పాలంటే మొదటిది లోను శాంక్షన్ వంటిది, రెండవది సొమ్ము విడుదల వంటిది. శాంక్షన్ అయినంత మాత్రాన సొమ్ము చేతికి రాదు. సొమ్ము అందిన తరువాత కూడా షరతు తప్పితే బ్యాంకు ఊరుకోదు. కన్సెంట్ కూడా అంతే.

కాలుష్య తీవ్రతను బట్టి పరిశ్రమలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు వంటి రంగు వర్గాలుగా విభజించారు. సిమెంటు, థర్మల్ విద్యుత్తు వంటివి ఎరుపు వర్గం. సైకిళ్లు బిగించడం వంటి పనులు తెలుపు వర్గం. తెలుపు వర్గానికి కన్సెంట్ అవసరం లేకుండా 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది.

కన్సెంట్ పత్రంలో ముఖ్యంగా చూడవలసినవి:

1. ఏ సరుకు, ఎంత పరిమాణంలో తయారు చేయవచ్చు.
2. ఏ ఇంధనం వాడాలి.
3. పొగగొట్టం ఎంత ఎత్తు ఉండాలి.
4. బ్యాగ్ ఫిల్టర్, స్క్రబ్బర్ వంటి ఏ పరికరాలు పెట్టాలి.
5. ఒక ఘనపు మీటరు పొగలో ధూళి ఎన్ని మిల్లీగ్రాములు దాటరాదు.

ఈ షరతుల వెనుక లెక్కలు ఉంటాయి. ఉదాహరణకు డీజిల్ జనరేటర్ పొగగొట్టం ఎత్తు చూద్దాం. జనరేటర్ కె.వి.ఎ. సామర్థ్యానికి వర్గమూలం తీసి 0.2తో గుణించాలి. వచ్చిన దానిని భవనం ఎత్తుకు మీటర్లలో కలపాలి. 100 కె.వి.ఎ. జనరేటరుకు వర్గమూలం 10. అంటే భవనం కన్నా 2 మీటర్లు ఎత్తు. హైస్కూలు పిల్లలు కూడా చేయగలిగిన లెక్కే.

షరతులు తప్పితే ఏమవుతుందో తూత్తుక్కుడి స్టెరిలైట్ రాగి కర్మాగారం చెబుతుంది. ఏటా 4 లక్షల టన్నుల సామర్థ్యం గల సంస్థ అది. 2018 ఏప్రిల్‌లో తమిళనాడు మండలి దాని కన్సెంటును పునరుద్ధరించలేదు. ఉప్పారు నది పక్కన పోసిన రాగి చిట్టెం తొలగించలేదని, గాలిలో ఆర్సెనిక్ పరీక్షలు చేయించలేదని, జిప్సం చెరువు కట్టలేదని కారణాలు చూపింది. ఆ మే నెలలో జరిగిన నిరసనలో పోలీసు కాల్పులకు 13 మంది బలయ్యారు. మే 28న ప్రభుత్వం కర్మాగారాన్ని శాశ్వతంగా మూయమని ఉత్తర్వు ఇచ్చింది. 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు సంస్థ అప్పీలును కొట్టివేసింది. ప్రాణాలూ పోయాయి, ఉద్యోగాలూ పోయాయి. షరతులను ఏటికేడు సరిగా అమలు చేయించి ఉంటే వ్యవహారం అంతదాకా వచ్చేది కాదని నా అభిప్రాయం.

కన్సెంట్ నిరాకరిస్తే యజమాని 30 రోజులలోగా అప్పీలు చేసుకోవచ్చు. చట్టాన్ని ఉల్లంఘిస్తే లోగడ జైలుశిక్ష ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుండి చాలా ఉల్లంఘనలకు దాని బదులు 10 వేల నుండి 15 లక్షల రూపాయల వరకు జరిమానా విధిస్తున్నారు. మామూలు పౌరుడికి కూడా హక్కు ఉంది. మండలికి 60 రోజుల నోటీసు ఇచ్చి 43వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లవచ్చు. అప్పుడు మండలి తన దగ్గరున్న సంబంధిత నివేదికలను అతనికి ఇవ్వాలి. ప్రజాహితానికి భంగమనుకున్న నివేదికలు మాత్రం ఇవ్వకపోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. చిన్న యూనిట్ పెట్టదలచినవారు షెడ్డు కట్టక ముందే తమ పని ఏ రంగు వర్గంలోకి వస్తుందో మండలి కార్యాలయంలో కనుక్కోండి. షెడ్డు లేచిన తరువాత స్థలం పనికిరాదంటే అప్పు మాత్రం మిగులుతుంది. ఇక విద్యార్థులు కెమిస్ట్రీ, పర్యావరణ ఇంజనీరింగ్ చదివితే పొగను కొలిచే ప్రయోగశాలల్లోనూ, మండళ్లలోనూ పని ఉంటుంది. మా వంటి కామర్స్ వారికీ చోటు ఉంది. షరతుల అమలు రికార్డులు, గడువులు, రుసుములు చూసేవారు ప్రతి ఫ్యాక్టరీకీ కావాలి.

మీ ఊరి ఫ్యాక్టరీ కన్సెంట్ పత్రం దొరికితే పిల్లలతో కలిసి ఒకసారి చదవండి. పొగగొట్టం ఎత్తు దగ్గర మొదలుపెట్టండి.