యాప్ మీదే.. మరి లోపల కోడ్ ఎవరిది? థర్డ్ పార్టీ లైబ్రరీలతో జాగ్రత్త!

యాప్ అప్‌డేట్ చేయలేదు. ఫోన్ మార్చలేదు. అయినా నిన్నటిదాకా బాగా పనిచేసిన యాప్ ఇవాళ ఓపెన్ చేయగానే క్లోజ్ అయిపోతోంది. తప్పు యాప్ తయారుచేసినవాళ్లదే అనుకుంటాం. కానీ అసలు కారణం వాళ్లు రాయని కోడ్‌లో ఉండొచ్చు.

లైబ్రరీ అంటే ఏంటి?

చీరాలలో చీర నేసే నేతన్న నూలు తానే వడకడు, జరీ తానే తీయడు. అవి బయటినుంచి తెచ్చుకుంటాడు. యాప్ కూడా అంతే. లాగిన్, మ్యాప్, పేమెంట్, యాడ్స్.. వీటికి వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్ దొరుకుతుంది. దాన్నే థర్డ్ పార్టీ లైబ్రరీ లేదా ఎస్‌డీకే అంటారు. నెలల పని రోజుల్లో అయిపోతుంది. అయితే చీర రంగు వెలిసిపోతే కొన్నవాళ్లు రంగుల కంపెనీ దగ్గరికి వెళ్లరు. అమ్మినవాళ్లనే నిలదీస్తారు!

ఒకేసారి కుప్పకూలిన యాప్‌లు

2020 మే 6న ఐఫోన్లలో స్పాటిఫై, టిక్‌టాక్, పింటరెస్ట్, టిండర్ లాంటి యాప్‌లు వరసపెట్టి క్రాష్ అయ్యాయి. వీటన్నిటిలో ఉన్నది ఫేస్‌బుక్ ఎస్‌డీకే. ఫేస్‌బుక్ తనవైపు చేసిన ఒక మార్పుతో ఆ ఎస్‌డీకే దెబ్బతింది. యాప్ తెరవగానే అది పని మొదలుపెడుతుంది కాబట్టి, ఫేస్‌బుక్‌తో లాగిన్ కానివాళ్లకూ తిప్పలు తప్పలేదు. అదే ఏడాది జులై 10న సేమ్ సీన్ రిపీట్ అయింది.

2019 ఆగస్టులో క్యామ్‌స్కానర్‌ది ఇంకో కథ. 10 కోట్లకు పైగా డౌన్‌లోడ్లున్న ఈ యాప్‌లోని యాడ్స్ లైబ్రరీలో హానికరమైన కోడ్ ఉన్నట్టు కాస్పర్‌స్కీ నిపుణులు బయటపెట్టారు. గూగుల్ దాన్ని ప్లే స్టోర్ నుంచి తీసేసింది. (2020 జూన్‌లో కేంద్రం విధించిన బ్యాన్ వేరే విషయం.)

గోడౌనే మూతపడితే?

ఒకప్పుడు ఆండ్రాయిడ్ డెవలపర్లు లైబ్రరీలు తెచ్చుకున్న పెద్ద గోడౌన్లలో జేసెంటర్ ఒకటి. దాన్ని మూసేస్తున్నట్టు 2021 ఫిబ్రవరిలో జేఫ్రాగ్ కంపెనీ ప్రకటించింది. ప్రాజెక్టులన్నీ మేవెన్ సెంట్రల్ లాంటి వేరే చోటికి మారాల్సి వచ్చింది. పాత ట్యుటోరియల్ చూసి ఫైనలియర్ ప్రాజెక్టు చేసే స్టూడెంట్స్‌కి బిల్డ్ ఫెయిల్ అవడానికి ఇదీ ఒక కారణం కావొచ్చు.

డెవలపర్లు ఏం చేయాలి?

* చిన్న పనికి పెద్ద లైబ్రరీ వద్దు. పది లైన్లలో అయిపోయేదైతే మీరే రాసుకోండి.
* వెర్షన్ నంబర్ కచ్చితంగా రాయండి. గ్రేడిల్‌లో నంబర్ చివర ప్లస్ గుర్తు పెడితే కొత్త వెర్షన్ మీకు తెలియకుండానే వచ్చేస్తుంది.
* ఒక లైబ్రరీ వెనకాల ఇంకో నాలుగు వస్తాయి. గ్రేడిల్ డిపెండెన్సీస్ కమాండ్‌తో మొత్తం చెట్టు చూడండి.
* ఆండ్రాయిడ్‌లో లైబ్రరీ అడిగే పర్మిషన్లు మీ యాప్ పర్మిషన్లలో కలిసిపోతాయి. ఫైనల్ మానిఫెస్ట్ చెక్ చేయండి.
* అత్యవసరం కాని ఎస్‌డీకేని యాప్ తెరవగానే స్టార్ట్ చేయొద్దు. అవసరమైనప్పుడే పిలవండి.
* అలాగని పాత వెర్షన్‌నే ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చోవద్దు. సెక్యూరిటీ లోపాలు సరిచేసేది కొత్త వెర్షన్లే. ముందు టెస్ట్ చేసి, తర్వాత మార్చండి.

యూజర్లు ఏం చూడాలి?

ప్లే స్టోర్‌లో ప్రతి యాప్ కింద 'డేటా సేఫ్టీ' సెక్షన్ ఉంటుంది. లైబ్రరీలు సేకరించే డేటా వివరాలు కూడా డెవలపర్ అక్కడ చెప్పాల్సిందే. స్కానర్ యాప్ మీ కాంటాక్ట్స్ అడుగుతోందంటే ఎందుకో ఆలోచించండి. వాడని యాప్‌లు తీసేయండి. ఒకేసారి చాలా యాప్‌లు క్రాష్ అవుతుంటే మాత్రం కంగారుపడి అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. ఫోన్‌లో సేవ్ అయిన డేటా పోయే ఛాన్స్ ఉంది.

యాప్ చేయిస్తున్నారా?

చీరాల, వేటపాలెంలో చీరలు అమ్మే వ్యాపారి సొంత యాప్ చేయించుకున్నాడనుకుందాం. పండగ సీజన్‌లో పేమెంట్ దగ్గర యాప్ ఆగిపోతే పోయేది ఆయన ఆర్డరే. అందుకే డబ్బులు ఫైనల్‌గా చెల్లించేముందు ఏ లైబ్రరీలు వాడారు, ఏ వెర్షన్లు, అప్‌డేట్లు ఎవరు చూస్తారు అనే లిస్ట్ డెవలపర్ దగ్గర రాయించి తీసుకోండి. రేపు ఆ కుర్రాడు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోయినా, ఇంకొకరు పని అందుకోవడానికి ఆ కాగితమే ఆధారం.