కరక్కాయయు, ఎనుప పాలును, ఒక పాత పంచెయు

తిరుపతి నుండి శ్రీకాళహస్తికి దాదాపు 40 కిలోమీటర్లు. స్వామి దర్శనమునకై ఆ యూరికి ఎన్నిమారులు పోయితిమో లెక్కలేదు. అయినను అచట వెదురుపుల్లతో గుడ్డపై బొమ్మలు వ్రాయువారి పనిని మేము మొన్నటి వేసవి వరకును నిలిచి చూడనేలేదు. చూచిన నాటినుండి ఆ పిచ్చి మమ్ము వదలలేదు. ఆ పని ఇంట నెట్లు చేసికొనవచ్చునో, ఎచ్చట చెడునో, మా యనుభవమును బట్టి వ్రాయుచున్నాము.

ఈ కలము ఉక్కు పాళీ కాదు. వెదురుపుల్ల మొనను చెక్కి, మొనకు కొంచెము పైగా ఉన్నియో పాతగుడ్డయో ఉండగా చుట్టి, దారముతో బిగింపవలెను. ఆ యుండ రంగును పీల్చి నిలుపుకొనును. వ్రేళ్లతో మెల్లగా నొక్కినచో మొనకు దిగును. నొక్కుటలోనే విద్య యంతయు నున్నది.

గుడ్డ ముతక నూలుది కావలెను. గంజి పోవునట్లు ఉదికి ఆరవేయవలెను. పిమ్మట కరక్కాయల గింజలు తీసివేసి, పెచ్చులను మెత్తగా దంచి నీట కలిపి, అందు పచ్చి ఎనుప పాలు పోసి, గుడ్డను ముంచి పిడిచి ఎండలో వేయవలెను. కరక్కాయలోని వగరు నల్లరంగును పట్టుకొనును. పాలలోని వెన్న ఆ రంగును ప్రాకనీయదు. ఈ రెండవ మాటను మేము తొలుత లక్ష్యపెట్టలేదు. ఖరీదునకు జంకి, నీళ్లు కలిసిన పలుచని ఆవుపాలు వాడితిమి. వ్రాసినది నెమలి, ఆరిన పిదప చూడగా వానకు తడిసిన పిల్లి!

అత్తగారు అప్పటికే మామీద ఆగ్రహముతో నుండిరి. “పాలు మనుష్యులు త్రాగుటకా, గుడ్డలు త్రాగుటకా?” అనిరి. మాకు సమాధానము లేకపోయెను.

నల్లరంగునకు తుప్పుపట్టిన మేకులను బెల్లపు నీటితో కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి, రెండు మూడు వారములు పులియనీయవలెను. ఆ వాసన వర్ణింపనలవి కాదు. కుండను పెరటి మూలనే యుంచుడు. దానిలోని నీరు చూచుటకు గోధుమవన్నెయే గాని, కరక్కాయ పట్టిన గుడ్డకు సోకినంతనే నల్లబడును. మావారు పాఠశాలలో రసాయనశాస్త్రము చెప్పుదురు గనుక, ఇనుమును వగరును కూడినచో నలుపు పుట్టునని మాకు బోధించిరి. పూర్వము కరక్కాయ, అన్నభేదులతో కాచిన వ్రాత సిరాయు ఇట్టిదేనట.

ఎరుపు శ్రమతో కూడినది. వలసినచోట పటిక నీరు పూసి, ఆరిన పిదప పారు నీట జాడించి, మంజిష్ఠవంటి వేళ్లు వేసిన నీటిలో ఉడికించినచో, పటిక తగిలినచోటనే రంగు నిలుచును. పారు నీరు కావలెననుటచేతనే ఈ పని స్వర్ణముఖి యొడ్డున పెరిగినది. ఆ నదిలో నేడు నీరున్న దినములకంటె ఇసుక యున్న దినములే హెచ్చు. మేము ప్రస్తుతము నలుపుతోనే సరిపెట్టుకొంటిమి.

ఈ విద్య గత శతాబ్దమున అడుగంటబోయినది. కమలాదేవీ చట్టోపాధ్యాయ గారి పూనికతో 1950 దశకము చివర శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము వెలసినది. ఆ విద్యలో పేరొందిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ లభించినది. నేడు ఎందరో స్త్రీలు దీనితో సంసారములు నడుపుకొనుచున్నారు. కనుక మనము వేడుకకు వ్రాసికొన్నదానిని అంగడికి పంపి వారి కూటికి అడ్డుపడరాదని మా అభిప్రాయము. అచ్చువేసిన చీరలను కలంకారీ యని అమ్మువారు చాలరా?

అయిదారు గుడ్డలు చెడిన తరువాత ఒకటి కుదిరినది. ఆ మరునాడు అత్తగారు తమ పెట్టె తెరచి, మామగారి పాత పంచెను తెచ్చి మా యొడిలో నుంచిరి. ఆయన పల్లెటూరి బడిపంతులు, పోయి పదునాలుగేండ్లైనది. ఆ పంచెను ఇంతవరకెవ్వరిని తాకనిచ్చినవారు కారు. “దీనిమీద కాళహస్తి కథ వ్రాయుము. సాలెపురుగు, పాము, ఏనుగు, మూడును ఉండవలెను” అనిరి.

మాకు చేతులు చల్లబడినవి. చింతబరికెల బొగ్గుతో గీసినది దులిపిన పోవును. కలముతో గీసినది పోదు. నాలుగు దినములు వాయిదా వేసితిమి. అయిదవనాడు ఏనుగును ఆరంభించి తొండము వరకు వచ్చితిమి. అంతలో కలమునుండి యొక చుక్క జారి, బొమ్మకు దూరముగా తెల్లని చోట పడినది. చూచుచుండగనే నల్లబడినది.

అత్తగారు ప్రక్కనే యుండిరి. మేము తల యెత్తలేదు. ఆమె వంగి ఆ చుక్కను చాలసేపు చూచిరి.

“ఆయన పంచెమీద సిరా చుక్క లేని దినమెన్నడమ్మాయీ? ఉండనీ” అని, మూలనున్న అంచును సరిజేసి, మాకెదురుగా కూర్చుండిరి.

పామును నిన్న ముగించితిమి. సాలెపురుగు మిగిలియున్నది.